మన ఊరి రంగూన్ దాత గారి చరిత్ర రాయమన్నారా, అయితే ఇలా మొదలెట్టండి

ఊళ్ళో హైస్కూలుకి వందేళ్ళు నిండాయనో, పాత సత్రం పడగొట్టి కళ్యాణమండపం కడతన్నారనో, మనవలెవరో అమెరికా నుంచి దిగి తాతగారి విగ్రహం పెడతాం అన్నారనో ఏదో ఒక వంక దొరుకుతుంది, అప్పుడు కమిటీ వాళ్ళు నాలుగు ముక్కలు రాయగలిగినవాడు ఎవడా అని చూసి మీ నెత్తిన పడేస్తారు. "అదేనండి, రంగూన్ వెళ్ళి సంపాదించుకొచ్చి మన బడి కట్టించారే, ఆయన చరిత్ర ఓ పది పేజీలు రాసి పెట్టండి, సావనీర్లో వేసేద్దాం" అంటారు. అటు కోరంగి, తాళ్ళరేవు నుంచి ఇటు అమలాపురం, రాజోలు, గోదారి దాటి నరసాపురం దాకా చాలా ఊళ్ళల్లో ఇలా బర్మాలోని రంగూన్ వెళ్ళి సంపాదించుకొచ్చిన పెద్దాయన ఒకరుంటారు. బడి మీదో సత్రం గుమ్మం మీదో పేరుంటుంది, ఆ పేరు రోజూ చదువుతారు, ఆయనెవరో మాత్రం సరిగ్గా తెలీదు.

అలా రాయించిన సావనీర్లు కొన్ని తిరగేసి చూడండి, అన్నిట్లోనూ ఒకటే కథ. కటిక పేదరికంలో పుట్టారు, కట్టుబట్టలతో ఓడెక్కారు, రాత్రనకా పగలనకా కష్టపడ్డారు, లక్షలు గడించారు, పుట్టిన గడ్డని మరవలేదు. పేరు తీసేసి పక్క ఊరాయన పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. నా మాట ఏంటంటే, ఆయన డబ్బు ఎలా పెరిగిందో ఆయన కొన్న పొలాల దస్తావేజుల్లో ఉంటుంది, ఆయన మనసు ఎలాంటిదో ఆయన రాసిచ్చిన దానపత్రంలో షరతుల్లో ఉంటుంది, ఈ రెండూ దొరికితే మీరు రాసింది ఆయన చరిత్ర అవుతుంది, లేకపోతే సన్మానపత్రం అవుతుంది. కాబట్టి పనంతా ఈ రెండిటి చుట్టూనే పెట్టుకోండి.

అయితే ఒక్క పని కాగితాల కంటే ముందు చెయ్యాలి. వయసు ఎనభై ఐదు దాటినవాళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉంటే మిగతావన్నీ ఆపేసి రేపే వెళ్ళండి. కాగితం ఇన్నాళ్ళు ఉంది, ఇంకో నెల ఉంటుంది. 1942లో అమ్మ చంకనెక్కి బర్మా నుంచి వచ్చేసిన పిల్లలు ఇప్పుడు ఆ వయసువాళ్ళే. వెళ్ళి "ఆయన గొప్పతనం గురించి చెప్పండి" అని అడిగారో, మీకు మళ్ళీ ఆ సావనీర్ కథే వినపడుతుంది. వస్తువులు అడగండి, మనుషుల్ని అడగండి. ఆ మండువా ఇంటి ద్వారబంధాలు బర్మా టేకువేనా, ఎప్పుడొచ్చాయి, ఎవరు దింపారు. మనియార్డరు వచ్చిన రోజు ఇంటికి ఎవరెవరు వచ్చేవారు. ఉత్తరం ఎవరు చదివి పెట్టేవారు, జవాబు ఎవరు రాసేవారు. కాకినాడకి ఆయన్ని తీసుకురావడానికి ఎవరు వెళ్ళేవారు, పడవ మీదా బండి మీదా. (ఆ రోజుల్లో కాకినాడలో స్టీమరు ఒడ్డుకి వచ్చేది కాదు, సముద్రంలో దూరంగా ఆగితే చిన్న పడవల మీద దిగేవారు, ఈ సంగతి తెలిసి అడిగితే పెద్దవాళ్ళకి మాట్లాడాలని హుషారొస్తుంది.) తిరిగొచ్చాక ఏం కట్టుకునేవారు, ఏం తినేవారు, బర్మా మాటలు ఏమైనా ఇంట్లో దొర్లేవా. ఇలా చిన్నచిన్నవి అడుగుతూ పోతే అడగనివి కూడా బయటికొస్తాయి.

ఇంకో సంగతి, మగవాళ్ళని అడిగేసి వచ్చేయకండి. ఆయన అక్కడ పదేళ్ళు పదిహేనేళ్ళు ఉంటే ఇక్కడ కౌలు వసూలు చేసింది, పాలేళ్ళతో పని చేయించింది, పెళ్ళిళ్ళు పేరంటాలు దాటించింది వాళ్ళావిడే అయ్యుంటుంది. ఆవిడ పేరు ఏ బోర్డు మీదా ఉండదు. కోడళ్ళకీ, మనవరాళ్ళకీ ఆ కథలు తెలుసు. అలాగే ఆయన ఇంటివాళ్ళతో ఆగిపోకుండా అవతల పేటకి కూడా వెళ్ళండి, ఆయన వెంట ఓడెక్కిన కూలీల మనవలు అక్కడ ఉంటారు. ఇంట్లో చెప్పేది ఒకటి ఉంటుంది, పేటలో చెప్పేది ఇంకోటి ఉంటుంది, రెండూ రాసుకోండి. ఫోన్లో రికార్డు చేసేముందు అడిగి చెయ్యండి, మొదట్లోనే ఆ రోజు తేదీ, మాట్లాడేవాళ్ళ పేరు పలికించండి, తర్వాత ఏ ఫైలు ఎవరిదో తెలీక తల పట్టుకోవక్కర్లేదు. వాళ్ళు సంవత్సరం తప్పు చెప్తున్నారని మీకు తెలిసినా మధ్యలో దిద్దకండి, దిద్దితే ఇక నోరు విప్పరు.

తర్వాత శిలాఫలకం. బడి గోడకో, సత్రం గుమ్మానికో, నూతి గట్టుకో ఉంటుంది, ఏటేటా వేసిన సున్నం కింద సగం కప్పబడి ఉంటుంది. మేకుతో గీకొద్దు, యాసిడ్ పొయ్యొద్దు, పోతే మళ్ళీ రాదు. మెత్తటి బ్రష్షూ నీళ్ళూ చాలు. ఫోటో నడి మధ్యాహ్నం తీస్తే అక్షరం కనపడదు, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ పక్కనుంచి పడేటప్పుడు తియ్యండి, లేకపోతే చీకటి పడ్డాక టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వెయ్యండి, అరిగిపోయిన అక్షరాలు కూడా లేచి కనపడతాయి. అప్పటికీ కాకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దండి.

రాతి మీద తేదీ దగ్గర అందరూ బోల్తా పడతారు. తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్ళకి మళ్ళీ వస్తుంది కదా, ఆనంద నామ సంవత్సరం అని ఉంటే అది 1914 ఉగాదికి మొదలైంది కావొచ్చు, 1974ది కావొచ్చు. పక్కన శాలివాహన శకం 1836 అని ఉంటే 78 కలిపితే 1914, అనుమానం తీరిపోయింది. కానీ నెల మాఘమో ఫాల్గుణమో అయితే ఇంగ్లీషు లెక్కలో అప్పటికే 1915 వచ్చేసినట్టు. పుష్య మాసం జనవరికి అటూ ఇటూ పడుతుంది, దానికి మాత్రం పాత పంచాంగం చూసుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు పని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. చాలామంది ఇక్కడికి రారు, ఇంట్లో ఇనప్పెట్టె తెరిచి కాగితాలు లేవని చెప్పి వదిలేస్తారు. మన డెల్టాలో ఇళ్ళల్లో కాగితాలు మిగలడమే వింత, 1953 వరద, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను, వీటిల్లో ఎన్ని పెట్టెలు తడిసిపోయాయో. కానీ రిజిస్టరు చేసిన దస్తావేజు ఏదైనా ఆఫీసు పుస్తకంలోకి మళ్ళీ చేత్తో ఎక్కించేవారు. ఇంట్లోది గోదాట్లో కలిసినా ఆ నకలు ఉంటుంది.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే 1983 నుంచే వస్తుంది, మీకు కావాల్సింది అంతకు ముందుది, అంటే ఆఫీసుకి వెళ్ళి మాన్యువల్ సర్చ్ పెట్టుకోవాలి. వెళ్ళేముందు రెండు సంగతులు తెలుసుకోండి. మీ ఊరు ఆ రోజుల్లో ఏ సబ్ రిజిస్ట్రార్ కింద ఉండేదో కనుక్కోండి, ఇప్పటి ఆఫీసు తర్వాతెప్పుడో పెట్టింది అయ్యుండొచ్చు, పాత వాల్యూములు పాత ఆఫీసులోనో జిల్లా రిజిస్ట్రార్ రికార్డు రూములోనో ఉంటాయి. జిల్లా పేరు చూసి కూడా కంగారు పడకండి, 1925కి ముందు పశ్చిమ గోదావరి అనే జిల్లానే లేదు, అందుకని భీమవరం, తణుకు వైపు 1904 నుంచి 1925 దాకా కాగితాల మీద కృష్ణా జిల్లా అని, అంతకు ముందువాటి మీద గోదావరి జిల్లా అని కనపడుతుంది. మళ్ళీ 2022లో కోనసీమ, కాకినాడ, ఏలూరు అని విడదీశాక ఏ ఫైలు ఏ ఊళ్ళో ఉందో అక్కడి గుమస్తాలకే ఒక్కోసారి తెలీదు, ఓపిగ్గా తిరగాలి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆఫీసులో పుస్తకాలు వేరువేరుగా ఉంటాయి. స్థిరాస్తి అమ్మకాలు, తనఖాలు, దానాలు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో. ఒకటో పుస్తకానికి పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తుల ఇండెక్సు ఒకటి ఉంటాయి. ఫీజు కడితే వాటిని ఎవరైనా చూడొచ్చు, 57వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది, "మీకేం సంబంధం" అంటే మర్యాదగా ఆ సెక్షన్ పేరు చెప్పండి. వీలునామా నకలు మాత్రం రాసినాయన బతికుండగా ఆయనకీ ఆయన ఏజెంటుకే ఇస్తారు, పోయాక ఎవరు అడిగినా ఇవ్వాలి. మీ పెద్దాయన పోయి ఎన్నో ఏళ్ళయ్యింది కాబట్టి మరణానికి రుజువు పట్టుకెళ్ళండి చాలు.

దానపత్రం ఒక్కటే తీసుకుని వచ్చేయకండి, అసలు మజా పేర్ల ఇండెక్సులో ఉంది. ఆయన పేరూ, వాళ్ళావిడ పేరూ, తమ్ముడి పేరూ పెట్టి ఓ ముప్పై నలభై ఏళ్ళకి ఇండెక్సు తిరగేసి, ఏ ఏడు ఎంత పొలం కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు అని వరసగా ఒక కాగితం మీద రాసుకోండి. రంగూన్‌లో ఆయన ఖాతా పుస్తకాలు మీకు దొరకవు, కానీ ఈ లిస్టే ఆయన వ్యాపారం ఎలా నడిచిందో చెప్పేస్తుంది. మొదటి అరెకరం ఎప్పుడు కొన్నారో అప్పుడు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయన్నమాట. ఏటా కొంటూ ఉన్నట్టుండి ఓ మూడేళ్ళు ఏమీ కొనకపోతే అక్కడ ఏదో దెబ్బ తగిలింది. భార్య పేరు మీద కొనడం మొదలెట్టారంటే అప్పుల భయమా, రెండో సంసారమా, అన్నదమ్ముల పంపకాలా, అది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. తనఖా పట్టి ఆ పొలమే తర్వాత కొన్నట్టు కనపడితే ఆయన ఊళ్ళో వడ్డీ వ్యాపారం కూడా చేశారని అర్థం, అది కూడా రాయాలి. తమ్ముడికి జీపీఏ (తన తరఫున పనులు చూసే అధికారం) ఇచ్చిన కాగితం దొరికిందంటే ఆయన ఊళ్ళో లేని రోజులు తేల్చడానికి తేదీతో సహా ఆధారం దొరికినట్టే.

పాత దస్తావేజు చదవడం మొదట్లో కష్టం. గొలుసుకట్టు రాత, ఎకరాలకి "య" అని వేస్తారు, డబ్బు రూపాయిలు అణాలు పైసల్లో ఉంటుంది, రూపాయికి పదహారు అణాలు, 1957 దాకా అదే లెక్క. ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరుల్లో ముసలాయన ఒకరు దొరికితే టీ ఇప్పించి పక్కన కూర్చోండి, ఆయన గడగడా చదివేస్తారు. చదివేటప్పుడు ఇవి వదలకండి. ఒకటి, ఆస్తి "స్వార్జితం" అన్నారా "పిత్రార్జితం" అన్నారా, కటిక పేదరికం కథ నిజమో కాదో సగం ఇక్కడే తేలిపోతుంది. రెండు, సంతకమా వేలిముద్రా, సంతకమైతే తెలుగులోనా ఇంగ్లీషులోనా, తొలి దస్తావేజులో వేలిముద్ర ఉండి పదేళ్ళ తర్వాత సంతకం ఉంటే అంతకంటే మంచి పేరా మీకు దొరకదు. మూడు, సాక్షులు, ఎవరు సాక్షి సంతకం చేశారో వాళ్ళు ఆయన నమ్మినవాళ్ళు. చివర్న షెడ్యూలు, చెక్కుబందీ, అంటే తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ కాలవ, ఇవి అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాసుకోండి, తర్వాత చెప్తాను ఎందుకో.

ఇక దానపత్రం. దీన్ని నిదానంగా, రెండుసార్లు మూడుసార్లు చదవండి. "ఊరికి బడి ఇచ్చారు" అని మనం ఒక్క ముక్కలో తేల్చేస్తాం గానీ ఆయన అలా ఇచ్చి ఉండరు, లెక్క తెలిసిన వ్యాపారస్తుడు కాబట్టి షరతులు పెట్టే ఇచ్చి ఉంటారు. బడికి తన పేరు పెట్టమన్నారా, వాళ్ళమ్మ పేరు పెట్టమన్నారా. ఆడపిల్లల్ని కూడా చేర్చుకోవాలన్నారా, దాని ఊసే ఎత్తలేదా. ధర్మకర్తలు తన వంశంలోవాళ్ళే ఉండాలన్నారా, ఊళ్ళోవాళ్ళు కూడా ఉండాలన్నారా. బడి ఆగిపోతే భూమి వారసులకి తిరిగి రావాలని రాశారా లేదా. పొలం అమ్మకూడదు, శిస్తు పోను వచ్చే అయివేజులో (ఆదాయంలో) ఇంత శాతం దీనికే ఖర్చు పెట్టాలి అన్నారా. సత్రం అయితే ఎవరెవరికి భోజనం, ఎన్ని రోజులు, ద్వాదశి నాడు ప్రత్యేకంగా ఏమైనా ఉందా, ఏ కులం వాళ్ళకి లోపల వడ్డన, ఎవరికి బయట. ఈ చివరిది చదివితే మనకి ఇబ్బందిగా ఉంటుంది, అయినా ఉన్నది ఉన్నట్టు రాయండి, దాచిపెడితే ఆయన పెట్టిన షరతు ఎత్తేసినట్టు కాదు, మీరు అబద్ధం రాసినట్టు అవుతుంది. అలాగే అందరికీ సమానంగా అని ఆ రోజుల్లోనే రాసి ఉంటే అది మాత్రం పెద్ద అక్షరాల్లో వెయ్యాల్సిన సంగతి.

కాగితం గట్టిగా రాస్తే ఏమవుతుందో చూడాలంటే కాకినాడ జగన్నాథపురం వెళ్ళండి. మల్లాడి సత్యలింగ నాయకర్ గారు కోరంగి వైపు నుంచి రంగూన్ వెళ్ళి ఓడల సరుకు ఎత్తి దించే కాంట్రాక్టుల్లో సంపాదించి, ఆ ఆస్తి చదువుకీ దానధర్మాలకీ చెందేలా వీలునామా రాశారు, ఎం.ఎస్.ఎన్. చారిటీస్ అని ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది, ఆ పేరుతో కాలేజీ కూడా ఉంది. నోటిమాటగా ఇచ్చినవాళ్ళ బళ్ళు, నూతులు ఎన్ని మాయమైపోయాయో మన ఊళ్ళల్లో మనకే తెలుసు.

సత్రం గానీ ధర్మసంస్థ గానీ అయితే దేవాదాయ శాఖలో కూడా వెతకాలి. 1987 దేవాదాయ చట్టంలో 43వ సెక్షన్ కింద సంస్థలు రిజిస్టరు చేయించాలి, ఆ రిజిస్టరులో ఎవరు పెట్టారు, ఏ ఆస్తులు, ఏ ఉద్దేశం అని కాలమ్స్ ఉంటాయి. ఊరికే వెళ్ళి అడిగితే "రేపు రండి" అంటారు కాబట్టి సమాచార హక్కు కింద అర్జీ పెట్టెయ్యండి, మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి ఐదు రూపాయలు, జిల్లా ఆపైన పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడిగేటప్పుడు "ఆయన గురించి వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే తిప్పి పంపేస్తారు, ఫలానా సంస్థ 43వ సెక్షన్ రిజిస్టరు నకలు అని సూటిగా అడగండి. బడి అయితే హెడ్ మాస్టరు గార్ని అడిగి పాత అడ్మిషన్ రిజిస్టరు చూడండి, మొదటి ఏడాది ఎవరి పిల్లలు చేరారో తెలిస్తే ఆ బడి ఎవరికోసం పనిచేసిందో తెలుస్తుంది. 1959కి ముందు జిల్లా బోర్డు, తర్వాత జిల్లా పరిషత్తు, ఆ మార్పులో చాలా ఫైళ్ళు చెల్లాచెదురయ్యాయి. జిల్లాలో దొరక్కపోతే మద్రాసు ప్రెసిడెన్సీ నాటి జీవోలు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఓపికుంటే వెళ్ళండి.

రంగూన్ వైపు సంగతి కొంచెం చదువుకుని ఉంటే ఇంట్లోవాళ్ళు చెప్పే కథలో ఏది పొసుగుతుందో ఏది పొసగదో తెలుస్తుంది. 1931 లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా మన ఇండియావాళ్ళే. తెలుగువాళ్ళు ఎక్కువగా రేవులో సరుకు మోత, బియ్యం మిల్లులు, రిక్షాలు. అక్కడి ఇంగ్లీషు కాగితాల్లో తెలుగు అని తక్కువ, కోరంగీలు అని ఎక్కువ రాశారు, ఇంటర్నెట్లో వెతికేటప్పుడు ఆ మాటతో కూడా వెతకండి. కాకినాడని కోకనాడ అనీ, ఏలూరుని ఎల్లోర్ అనీ, నాయుడుని నాయ్డూ అనీ ఇష్టమొచ్చినట్టు రాశారు, అన్ని రకాలుగానూ కొట్టి చూడండి. థాకర్స్ డైరెక్టరీ అని ఏటా వచ్చేది, అందులో రంగూన్ కంపెనీల పేర్లు కూడా వేసేవారు, పాత సంచికలు కొన్ని స్కాన్ చేసి పెట్టారు. అందులో లేనంత మాత్రాన ఆయన వ్యాపారం అబద్ధం కాదు, పెద్ద సంస్థలే అందులో ఉంటాయి. ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయ్యింది, ఆ పాత సంచికలు కూడా చాలా వరకు స్కాన్లు ఉన్నాయి, బడి ప్రారంభోత్సవం తేదీ తెలిస్తే ఆ వారం రోజులూ తిరగెయ్యండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూడా ఓ పూట కూర్చోండి.

అక్కడ డబ్బు ఎలా వచ్చేదో తెలుసుకోకుండా రాయొద్దు. కూలీ నుంచి షావుకారు దాకా మెట్టు మేస్త్రీ పని. మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్సు ఇచ్చి జనాన్ని పోగుచేసి, ఓడ చార్జీ పెట్టుకుని తీసుకెళ్ళేవాడు, తర్వాత వాళ్ళ కూలి డబ్బు ఆయన చేతిమీదుగా వచ్చేది, అందులోంచి అడ్వాన్సూ కమీషనూ మినహాయించుకునేవాడు. దీని మీద 1929 నుంచి 1931 దాకా పనిచేసిన రాయల్ లేబర్ కమిషన్ సాక్ష్యాలు తీసుకుంది, బర్మా సాక్ష్యాలు వేరే సంపుటంగా ఉన్నాయి. మీ పెద్దాయన మేస్త్రీ అయితే ఆయన సొమ్ములో మన పక్కపేట వాళ్ళ చెమట కూడా ఉంది, ఆయన ఊరికి ఇచ్చింది కూడా నిజమే, రెండూ ఒకే మనిషివి. ఇలా రాస్తే ఆయన గౌరవం ఏమీ తగ్గదు, మనవలకి మొదట కోపం వస్తుంది, అంతే.

తేదీలు కొన్ని గుర్తుపెట్టుకోండి. 1930 మే నెలలో రంగూన్ రేవులో గొడవలు, తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ళ చోట బర్మావాళ్ళని పెట్టి, సమ్మె తీరాక ఆ బర్మావాళ్ళని పంపేసేసరికి అంటుకుంది. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి వేరుపడింది. 1938లో మళ్ళీ గొడవలు. 1941 డిసెంబరు 23న జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు, 1942 మార్చి 8కి ఊరు వాళ్ళ చేతికి చిక్కింది, లక్షల మంది మనవాళ్ళు అరకాన్ కొండల మీంచి, మణిపూర్ దారిలో నడిచొచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. ఇప్పుడు ఎవరైనా "మా తాత రంగూన్ నుంచి స్టీమరు దిగిన రోజే కాకినాడలో బాంబు పడింది" అన్నారనుకోండి, అప్పటికి రంగూన్ పోయి దాదాపు నెల అయ్యింది, అక్కడి నుంచి మన స్టీమరు వచ్చే వీల్లేదు, అంటే అంతకు ముందే వచ్చి ఉంటారు, రెండు జ్ఞాపకాలు కలిసిపోయాయి. "కట్టుబట్టలతో వచ్చేశాం" అన్నమాట కూడా రెండుసార్లకి సరిపోతుంది, 1942కీ, 1964కీ. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి, యాభై, వంద చాట్ల (బర్మా డబ్బు) నోట్లు చెల్లవంది, అప్పుడు వచ్చినవాళ్ళే విశాఖ వైపు బర్మా క్యాంపుల్లో స్థిరపడ్డారు. ఏ రాకో అడిగి తేల్చుకోండి, పొలాల లిస్టు పక్కన పెడితే మీకే తెలిసిపోతుంది.

రాయడానికి కూర్చున్నప్పుడు పుట్టుకతో మొదలెట్టకండి, దానపత్రం రాసిన రోజుతో మొదలెట్టండి, ఆ రోజు ఆయన వయసెంత, చేతిలో ఏముంది, ఎవరు పక్కనున్నారు, అక్కడి నుంచి వెనక్కి వెళ్ళండి. రావు సాహెబ్, రావు బహదూర్ అని బోర్డు మీద ఉంటే గెజిట్‌లో చూసి గానీ రాయొద్దు, మన ఊళ్ళో గౌరవంగా పిలిచిన పిలుపులు కూడా బిరుదులైపోయాయి. "ఆ రోజుల్లో పదివేలంటే ఇప్పుడు ఇన్ని కోట్లు" అనే లెక్క అస్సలు వద్దు, ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. మీ దగ్గర అదే ఊళ్ళో అదే ఏడాది దస్తావేజులు ఉన్నాయి కదా, ఎకరం ఎంతకి పోయిందో చూసి, ఆయన ఇచ్చిన సొమ్ముకి అప్పట్లో ఎన్ని ఎకరాలు వచ్చేవో రాయండి, చదివే రైతుకి వెంటనే ఎక్కుతుంది.

బర్మాలో ఇంకో సంసారం ఉందని తెలిస్తే ఏం చెయ్యాలని చాలామంది అడుగుతారు. చాలామందికి ఉండేది. బతికున్నవాళ్ళ పేర్లు బయటపెట్టొద్దు, కానీ ఆవిడ లేనట్టే రాయొద్దు కూడా, అక్కడి వ్యాపారం నిలబడటానికి ఆవిడ చెయ్యి ఎంతో ఉండి ఉంటుంది. ఇంటి పెద్దకి ముందే చెప్పి, ఒక్క వాక్యంలో మర్యాదగా రాయండి.

చెక్కుబందీ ఎందుకు రాసుకోమన్నానంటే, ఆయన ఇచ్చిన భూమి ఇప్పుడు సగమే కనపడొచ్చు. ఈ రకం భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో ఉన్నాయో లేవో చూడండి, ఉంటే వాటికి అమ్మకం రిజిస్ట్రేషన్ అవదు. లేకపోతే కమిటీకి చెప్పండి, లాయర్ని కలవమనండి. సావనీర్లో మాత్రం ఫలానావాడు ఆక్రమించాడని రాయకండి, కేసులూ గొడవలూ మీ మెడకి చుట్టుకుంటాయి. దానపత్రం షెడ్యూలు ఉన్నది ఉన్నట్టు, సర్వే నంబర్లతో సహా ఓ పేజీలో అచ్చు వేసెయ్యండి, ఎవరికి ఏం అర్థమవ్వాలో అది అర్థమవుతుంది.

అచ్చుకి ఇచ్చేముందు కుటుంబానికి చూపించండి, తప్పు తేదీ దిద్దితే దిద్దుకోండి, నచ్చలేదని తీసెయ్యమంటే "దస్తావేజులో ఉందండి" అని నకలు చూపించండి. నకళ్ళూ, ఫోటోలూ, రికార్డింగులూ అన్నీ ఒక పెన్ డ్రైవ్‌లో వేసి హెడ్ మాస్టరు గారికి ఒకటి, శాఖా గ్రంథాలయానికి ఒకటి ఇవ్వండి, దానపత్రం నకలు మాత్రం కాగితం మీద తీయించి లామినేషన్ చేయించి ఆఫీసు రూములో గోడకి కట్టించండి, తర్వాత వచ్చే హెడ్ మాస్టరు గారికైనా ఈ బడి స్థలం ఎంతవరకో తెలియాలి కదా.